పోలీసు జాగిలానికి ఆరేళ్లు నిండగానే రెండు ఫైళ్లు తెరవాలి

సంపాదకులకు,

అయ్యా,

పోలీసు జాగిలం రిటైరైన రోజున జిల్లా పేజీల్లో ఒక ఫొటో వస్తుంది. మెడలో దండ, వీపు మీద శాలువా, పక్కనే కళ్లు తుడుచుకుంటున్న హ్యాండ్లర్, అంటే దాన్ని చూసుకుని పని చేయించే పోలీసు. ఆ గౌరవం దానికి దక్కాల్సిందే. అయితే ఆ ఫొటోకు రెండేళ్ల ముందు నుంచి జరగాల్సిన పని ఒకటుంది, ఆ తర్వాత రెండు నుంచి నాలుగేళ్లు జరగాల్సిన పని ఇంకొకటుంది. వాటి గురించి ఎవరూ రాయరు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పోలీసు అధికారులను మేం కోరేది ఒక్కటే. ప్రతి జాగిలానికి ఆరో ఏడు నిండిన రోజున రెండు ఫైళ్లు తెరవండి. ఒకటి దాని స్థానంలో రావలసిన కుక్కపిల్లది, రెండోది దాని ముసలితనానిది. ఎనిమిదో ఏట తెరిస్తే రెండూ ఆలస్యమే.

ఎందుకు ఆరో ఏడంటే, లెక్క వేసి చూడండి. సాధారణంగా జాగిలం ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య విధుల నుంచి తప్పుకుంటుంది. ఈ ఎండల్లో, ఈ అడవుల్లో తిరిగేవాటికి ఎనిమిదిన్నరే ఎక్కువ అనుకోవాలి. కొత్త పిల్లను ఎంపిక చేసి, కొని, అనుమతులు తెచ్చుకునేసరికి మూడు నాలుగు నెలలు పోతాయి. రెండు మూడు నెలల పిల్ల వస్తే దానికి టీకాలు పూర్తిచేసి, జనానికీ చప్పుళ్లకూ అలవాటుచేసి శిక్షణకు పంపడానికి ఇంకో మూడు నెలలు. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ ఎనిమిది నెలలు. పాసింగ్ అవుట్ పరేడ్ అయిన మర్నాడే ఆ కుక్క బస్టాండులో బాంబు తనిఖీకి పనికొస్తుందని అనుకోవద్దు. మైదానంలో నేర్చుకున్నదాన్ని కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద, మిర్చి బజ్జీల వాసన మధ్య, రైలు కూతల మధ్య చేసి చూపించడానికి మరో మూడు నాలుగు నెలలు కావాలి. మొత్తం ఏడాదిన్నర. ఎక్కడైనా టెండరు ఆగినా, పిల్లకు పార్వో వైరస్ జబ్బు వచ్చినా, శిక్షణలో తేలిపోయినా రెండేళ్లు. ఎంపికైన ప్రతి పిల్లా గట్టెక్కదు. గట్టెక్కనిదాన్ని మొహమాటానికి పాస్ చేయించకూడదు కూడా.

ఈ లెక్క తప్పినప్పుడు భారమంతా పడేది ముసలి జాగిలం మీదే. వారసుడు రాలేదు గనుక ఇంకో ఆర్నెల్లు, ఇంకో జాతర, ఇంకో వీఐపీ పర్యటన అంటూ దాన్ని లాక్కొస్తారు. కాగితం మీద స్క్వాడ్ బలం తగ్గదు. వాస్తవంలో మాత్రం జనం ప్రాణాలు ఒక అలసిన ముక్కు మీద, అరిగిన తుంటి మీద ఆధారపడతాయి.

మన ప్రాంతానికి ఈ బరువు మరీ ఎక్కువ. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఒక్క వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది, 2019లో ములుగు కూడా వేరైంది. జిల్లా కేంద్రాలు పెరిగాయి, కలెక్టరేట్లు పెరిగాయి, తనిఖీ చేయాల్సిన చోట్లు పెరిగాయి. రెండేళ్లకోసారి మేడారం. ఏటా కొమురవెల్లి, వేములవాడ, భద్రకాళి ఉత్సవాలు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లోనూ కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనూ పేలుడు పదార్థాల వాడకం నిత్యం ఉంటుంది కాబట్టి జిలెటిన్ స్టిక్స్, డిటోనేటర్లు దారి తప్పే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి భద్రాచలం మీదుగా ఇటు వస్తుంది, రైళ్లలో కాజీపేట దాకా వస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం ఘాట్లన్నీ ఒకేసారి తనిఖీ చేయాలి. ఆ పుష్కరాలకు పక్కాగా పనిచేయాల్సిన జాగిలం 2026 మొదట్లోనే పిల్లగా చేతికి వచ్చి ఉండాలి. 2028 మేడారానికైతే 2026 మధ్యకల్లా. అప్పటికప్పుడు పక్క జిల్లా నుంచి తెచ్చుకుందామంటే కుదరదు, ఆ రోజుల్లో పక్క జిల్లాకూ కుక్కలు కావాలి.

కొనుగోళ్లలో ఇంకో లోపం తరచూ జరుగుతుంది. నిధులు వచ్చిన ఏడు అన్ని పిల్లలనూ ఒకేసారి, ఒకటి రెండు ఈతల నుంచే కొనేస్తారు. అప్పటికి సులువే. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ స్క్వాడంతా ఒకేసారి ముసలిదవుతుంది. ఒకే తల్లిదండ్రుల పిల్లలైతే తుంటి లోపం కూడా చాలావాటికి ఒకేసారి బయటపడే ప్రమాదం ఉంది. ఎనిమిది కుక్కలున్న స్క్వాడ్‌కు ఏటా ఒకటి చొప్పున కొనాలి. అలా చేస్తే ఎప్పుడు చూసినా ఒక పిల్ల, ఒక ముసలిది, మధ్యలో పనిమంతులు ఉంటాయి. దీని మీద అదనంగా ఒక రిజర్వు కూడా ఉండాలి, ఎందుకంటే అన్నీ ముసలితనంతోనే పోవు. 2025 ఏప్రిల్‌లో మావోయిస్టుల మీద జరిగిన కర్రెగుట్టల ఆపరేషన్‌లో సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో తేనెటీగలు కుట్టి చనిపోయింది. అది రెండేళ్ల బెల్జియన్ మాలినోయిస్. దాని స్థానం ఖాళీ అవుతుందని ఏ క్యాలెండరూ ముందే చెప్పలేదు.

అందరూ మరిచిపోయే విషయం హ్యాండ్లర్‌ది. కొత్త పిల్లతోపాటు హ్యాండ్లర్ కూడా శిక్షణకు వెళ్లాలి. అదే మనిషి పాత జాగిలానికీ హ్యాండ్లరైతే, సరిగ్గా దాని చివరి ఏడాదిలో ఎనిమిది నెలలు అతను కనిపించడు. ఏడెనిమిదేళ్లుగా ఒకే చేతి తిండి తిన్న కుక్క తిండి మానేస్తుంది, కెన్నెల్‌లో, అంటే తన గదిలో, గుండ్రంగా తిరుగుతుంది, ముందుకాళ్లు నాకి నాకి పుండ్లు చేసుకుంటుంది. పనిలో శ్రద్ధ పోతుంది. దాన్ని చూసి ‘ముసలిదైపోయింది’ అని రాసేస్తారు. దీనికి మందు చాలా తేలిక. ప్రతి కుక్కకూ ఇద్దరు హ్యాండ్లర్లు ఎలాగూ ఉండాలి. కొత్త పిల్లతో రెండో హ్యాండ్లర్‌ను పంపండి, మొదటి హ్యాండ్లర్‌ను పాతదాని దగ్గరే ఉంచండి. అది కుదరకపోతే, శిక్షణకు వెళ్లేముందు కనీసం ఆరు వారాల పాటు తిండి పెట్టే పని, దువ్వే పని, నడిపించే పని ఒక్కొక్కటిగా రెండో మనిషి చేతికి మార్చండి. ఒకరోజు పొద్దున్నే మనిషిని మాయం చేయవద్దు.

ఇక రిటైర్మెంట్ ఎప్పుడన్నది ఎలా తేల్చాలి? పుట్టిన తేదీ చూసి తేల్చేస్తే రెండు రకాలుగా నష్టం. తొమ్మిదేళ్లకూ చక్కగా పనిచేసే లాబ్రడార్ ఉంటుంది, ఏడేళ్లకే నడుం పోయిన జర్మన్ షెపర్డ్ ఉంటుంది. ఆరో ఏడు నుంచి ఆర్నెల్లకోసారి పరీక్ష పెట్టాలి. ముక్కుకు ఒకటి, ఒంటికి ఒకటి. రెండూ ఒకే వారంలో జరగాలి, ఎందుకంటే ఒకదాని లోపం ఇంకోదానిలా కనిపిస్తుంది.

ముఖ్యంగా కూర్చోవడం చూడండి. పేలుడు పదార్థం దొరికితే మొరగకూడదు, గీరకూడదు, కదలకుండా కూర్చోవాలని స్నిఫర్‌కు, అంటే వాసన పట్టే జాగిలానికి, నేర్పుతారు. అదే దాని సైగ. తుంటి కీలు అరిగినా, నడుం కింది భాగంలో నరం నొక్కుకుపోయినా కూర్చోవడం దానికి నొప్పి. వాసన పట్టుకుంటుంది, తోక బిగుస్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది, సగం వంగి మళ్లీ లేస్తుంది, ముందుకు వెళ్లిపోతుంది. హ్యాండ్లర్ వెనక నిలబడి ఉంటాడు గనుక ఆ సగం వంగడం అతనికి కనబడదు. ‘ఇక్కడేం లేదు’ అని రాస్తారు. ముక్కు నూటికి నూరు పాళ్లు పనిచేసిన కుక్క బ్యాగును వదిలేసి వెళ్లినట్టవుతుంది. పరీక్షను పక్క నుంచి వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది. ఒక తొడ మీదికి ఒరిగి కూర్చోవడం, కూర్చునేముందు వెనక్కి రెండడుగులు వేయడం, లేచేటప్పుడు ముందుకాళ్ల మీద బరువంతా వేసి లాక్కోవడం, వెనకకాళ్ల గోళ్లు నేలకు రాసుకుని అరగడం, ఇవన్నీ గుర్తులే. ఇవి కనిపించిన వారంలోనే తుంటికీ నడుముకూ ఎక్స్‌రే తీయించాలి. మత్తు ఇచ్చి, వెనకకాళ్లు చాపి తీస్తేనే ఆ ఫొటో పనికొస్తుంది. మెలకువగా పక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేతో తుంటి సంగతి తేలదు.

ముక్కు పరీక్షలో ఎక్కువ తప్పులు చేసేది మనుషులే. హ్యాండ్లర్‌కు సరుకు ఎక్కడ దాచారో తెలిస్తే ఆ పరీక్ష దండగ. అతను తెలియకుండానే అక్కడ అడుగు నెమ్మదిస్తాడు, పట్టీ వదులు చేస్తాడు, కుక్క ఆ మనిషిని చదివి కూర్చుంటుంది. దాచేవాడు దాచి వెళ్లిపోవాలి. మార్కులు వేసేవాడికీ హ్యాండ్లర్‌కూ చోటు తెలియకూడదు. పది వరుసలు, ఒక్కో వరుసలో ఆరు పెట్టెలు పెట్టండి. వాటిలో నాలుగు వరుసలు పూర్తిగా ఖాళీగా ఉండాలి, ఎందుకంటే లేనిచోట ఉందని చెప్పే కుక్కను పట్టేది ఖాళీ వరుసే. దాచేటప్పుడు అన్ని పెట్టెలనూ అవే గ్లౌజులతో ముట్టుకోవాలి. సరుకున్న పెట్టెనొక్కదాన్నే ముట్టుకుంటే కుక్క మనిషి వాసన పట్టుకుని పాసైపోతుంది. దాచాక కనీసం అరగంట ఆగాలి, వాసన బయటికి పరుచుకోవాలి. పేలుడు పదార్థాల జాగిలానికి పదింట తొమ్మిది కన్నా తక్కువ వస్తే వారం ఆగి మళ్లీ పెట్టండి. వరుసగా మూడుసార్లు తక్కువొస్తేనే ముక్కు సంగతి ఆలోచించాలి.

అప్పుడు కూడా ముందు సాంపిళ్లను చూడాలి. జిలెటిన్, అమ్మోనియం నైట్రేట్, టీఎన్‌టీ అన్నీ ఒకే ఇనప్పెట్టెలో పెడితే ఆరు నెలలకు అన్నిటికీ జిలెటిన్ వాసనే పడుతుంది. ఆ వాసనలో శిక్షణ పొందిన కుక్కకు అసలు టీఎన్‌టీ ఎదురైతే కొత్త వస్తువే. ఒక్కోదానికి వేరే గాజు సీసా, వేరే డబ్బా, వీలైతే వేరే గది ఉండాలి. సీసా మీద తెచ్చిన తేదీ రాయాలి, పాతబడినవాటిని నిబంధనల ప్రకారం మార్చాలి. నిందంతా కుక్క మీద వేసేముందు ఈ పెట్టె తెరిచి చూడమని మనవి.

ఆ తర్వాత మందుల చీటీ. విరేచనాలకు వాడే మెట్రోనిడాజోల్ కొన్ని స్నిఫర్ జాగిలాల్లో వాసన పట్టే శక్తిని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. కోర్సు అయిపోయాక కనీసం పది రోజులు వాటిని తనిఖీకి పంపకూడదు, పరీక్షా పెట్టకూడదు. ఇది ప్రతి కెన్నెల్ గోడ మీద రాసి ఉండాల్సిన మాట. మన దగ్గర పిడుదుల జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్‌తో అదే పరిశోధనలో ఆ ఇబ్బంది కనిపించలేదు. అయితే పిడుదుల జ్వరం తానే పెద్ద దొంగ. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో కూంబింగ్‌కు వెళ్లొచ్చిన కుక్కకు చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో పిడుదులు ఉంటాయి. వాటితో వచ్చే ఎర్లికియా అనే క్రిమి రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. నెలల తరబడి లోపలే ఉండి నీరసంగా, బరువు తగ్గుతూ, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుస్తూ కనిపిస్తుంది. అలాంటి కుక్క ‘ముసలిదైంది’ అని రిటైర్ కావడం అన్యాయం. దానికి ముందు రక్తపరీక్ష, నాలుగు వారాల చికిత్స కావాలి. ఆరేళ్లు దాటినవాటికి ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం, కిడ్నీ, లివర్ పరీక్షలు తప్పనిసరి చేయండి. కళ్లలో నీలిరంగు మబ్బు కనిపిస్తే కంగారు పడొద్దు. ఏడేళ్లు దాటాక చాలావాటికి కటకం అలా మారుతుంది, చూపు పెద్దగా తగ్గదు. తెల్లగా పాలు పోసినట్టుంటే శుక్లం.

ఎండను కూడా లెక్కలో పెట్టుకోవాలి. కుక్క రొప్పుతున్నప్పుడు వాసన సరిగా చూడలేదు. నోరు తెరిచి గాలి తీస్తుంటే ముక్కులోకి వెళ్లేది తగ్గిపోతుంది. మే నెలలో రామగుండంలో మధ్యాహ్నం రెండింటికి పెట్టిన పరీక్షలో ఎనిమిదేళ్ల కుక్క తప్పిందంటే అది వయసు తప్పు కాదు. ఆ ఎండలో నాలుగేళ్లదైనా తప్పుతుంది. ఎండాకాలంలో పరీక్షలూ సాధనా పొద్దున ఏడు లోపే. డ్యూటీలో ఇరవై నిమిషాల పనికి పది నిమిషాల నీడ. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే పని ఆపి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ గాలి తగలనిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకసారి గట్టిగా వడదెబ్బ తగిలిన కుక్కకు మళ్లీ తగిలే ప్రమాదం ఎక్కువ. ఆ విషయం దాని చీటీలో ఎర్ర సిరాతో రాయాలి. దాన్ని ముందుగానే తేలిక పనులకు మార్చాలి.

కొత్త పిల్ల ఎంపిక గురించి క్లుప్తంగా చెబుతాం. తనిఖీకి లాబ్రడార్, బస్సు సీట్ల కిందా రైలు బెర్తుల కిందా దూరడానికి కాకర్ స్పానియల్, అడవికి మాలినోయిస్. దట్టమైన బొచ్చున్న జర్మన్ షెపర్డ్‌ను మన ఎండలకు తెచ్చేముందు రెండుసార్లు ఆలోచించాలి. పిల్ల కన్నా ముందు తల్లిదండ్రుల తుంటి, మోచేతి ఎక్స్‌రేలు అడగండి. చూపించని చోట కొనొద్దు. ఏడెనిమిది వారాల పిల్ల దగ్గర స్టీలు పళ్లెం కిందపడేయండి. ఉలిక్కిపడినా ఫరవాలేదు, మళ్లీ వచ్చి దాన్ని వాసన చూస్తుందా అన్నది ముఖ్యం. నున్నటి గ్రానైట్ నేల మీద నడుస్తుందా, చీకటి గదిలోకి బంతి కోసం వెళ్తుందా, గడ్డిలో పడ్డ బంతిని ఎంతసేపు వెతుకుతుందో చూడండి. వెతకడం మానేసి మనిషి కాళ్ల దగ్గరికి వచ్చే పిల్ల ఇంట్లో పెంచుకోవడానికి ముద్దుగా ఉంటుంది, స్నిఫర్‌కు పనికిరాదు. ఒకే కుక్కకు గంజాయి, పేలుడు పదార్థాలు రెండూ నేర్పి డబ్బు ఆదా చేద్దామన్న ఆలోచన ఎక్కడైనా ఉంటే వెంటనే మానుకోవాలి. అది కూర్చుంటే బ్యాగు విప్పాలా, జనాన్ని ఖాళీ చేయించాలా అన్నది ఎవరు చెబుతారు?

ఇప్పుడు రెండో ఫైలు. రిటైరైన జాగిలం ఎక్కడికి వెళ్తుంది, ఏం తింటుంది, దాని మందుల ఖర్చు ఎవరిది అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. లాబ్రడార్ సాధారణంగా పది పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే డ్యూటీ అయిపోయాక రెండు నుంచి నాలుగేళ్లు, అదీ మందులు ఎక్కువగా అవసరమయ్యే ఏళ్లు. సర్వీసులో ఉన్నప్పటి తిండి భత్యం, వైద్యం అది చనిపోయేదాకా కొనసాగాలని ఉత్తర్వులోనే రాయాలి. ఎవరు తీసుకున్నా ఆ డబ్బు కుక్కతోపాటు వెళ్లాలి. హ్యాండ్లర్ జీతంలోంచి దాని కీళ్లనొప్పుల మందులు కొనుక్కోవాలంటే ప్రేమ ఉన్నవాడు కూడా వెనకాడతాడు, అతన్ని తప్పుపట్టలేం.

మొదటి హక్కు హ్యాండ్లర్‌దే. అతని ఇంట్లో చోటుందా, చిన్నపిల్లలున్నారా, కిరాయి ఇంటి ఓనరు ఒప్పుకుంటారా, ఇప్పటికే మరో కుక్క ఉందా అని ముందు వెళ్లి చూడాలి. అతనికి వీలుకాకపోతే రెండో హ్యాండ్లర్, ఆ తర్వాతే బయటివాళ్లు. మనుషుల మీదికి ఉరకడం, పట్టుకోవడం నేర్పిన అసాల్ట్ కుక్కను మామూలు కుటుంబానికి ఇవ్వకూడదు, ఎంత బతిమాలినా. దానికి డిపార్ట్‌మెంటు కెన్నెలే ఇల్లు. వేలం పాట మాట అసలు ఎత్తవద్దు. ఎక్కువ డబ్బు పెట్టినవాడు మంచి యజమాని అవుతాడన్న భరోసా లేదు, పిల్లల కోసం ఈనించే వ్యాపారి చేతిలో పడే ప్రమాదం ఉంది. ఇచ్చేముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మైక్రోచిప్ నంబరు రికార్డులో ఉంచి, ఆర్నెల్లకోసారి పోలీసు పశువైద్యుడు వెళ్లి చూసే షరతు పెట్టాలి.

పని ఒక్కసారిగా ఆపేస్తే కుక్క కుంగిపోతుంది. జీపు స్టార్టు చేసిన శబ్దానికి గేటు దగ్గరికి పరుగెత్తుతుంది, ఎక్కించుకోకపోతే అక్కడే కూర్చుని ఉంటుంది. మొదటి రెండు నెలలు రోజూ అదే వేళకు పది నిమిషాలు వెతుకులాట ఆడించాలి. తువ్వాలో, దాని పాత బంతో ఇంట్లో దాచి వెతికించినా చాలు. డ్యూటీలో ఒంటికి కట్టే హార్నెస్ తీసేసి మామూలు మెడపట్టీ వేయాలి, అది ఆటే తప్ప డ్యూటీ కాదని దానికి తెలియాలి. తిండి తగ్గించాలి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. 30 కిలోల కుక్క పనిలో ఉన్నప్పుడు రోజుకు దాదాపు 1,800 కేలరీలు ఖర్చుచేస్తుంది. ఇంట్లో ఉంటే 1,100 నుంచి 1,250 చాలు. డ్రై ఫుడ్‌లో చెబితే 500 గ్రాముల నుంచి సుమారు 330 గ్రాములకు రావాలి, ఒక్కరోజులో కాకుండా పది రోజుల్లో. పాపం అని పాత కొలతే పెడితే నాలుగు నెలల్లో నాలుగైదు కిలోలు పెరుగుతుంది. ఆ బరువంతా అరిగిన తుంటి మీదే పడుతుంది. వారానికోసారి తూకం వేయండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. రోజుకు రెండు పూటలుగా పెట్టాలి, తిన్నాక గంటసేపు పరుగు వద్దు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే కడుపు మెలిపడిందని అర్థం. అది గంటల వ్యవధిలో ప్రాణం తీస్తుంది, పొద్దున చూద్దామని ఆగితే మిగలదు.

టైల్స్ నేల మీద ముసలి కుక్క వెనకకాళ్లు జారిపోతాయి. మంచం దగ్గర, నీళ్ల గిన్నె దగ్గర, గుమ్మం దగ్గర రబ్బరు మ్యాట్ వేయండి. సిమెంటు గచ్చు మీద పడుకోబెడితే మోచేతుల దగ్గర చర్మం మందమై పగులుతుంది. నులకమంచం కాళ్లు కోసి ఆరంగుళాల ఎత్తుకు దించితే దానికి అంతకన్నా మంచి పక్క లేదు. వ్యాన్ మీంచి దూకించవద్దు, పలక వాలుగా పెట్టి దించండి. సర్వీసులో ఉన్న ఆరేళ్లు దాటినవాటికీ ఇదే పద్ధతి పాటిస్తే ఇంకొంతకాలం ఎక్కువ పనిచేయవచ్చు. నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఎట్టి పరిస్థితుల్లో వేయవద్దు. మనిషికి ఒక గోలీ, కుక్కకు అర గోలీ అన్న లెక్క దాని కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీని పాడుచేస్తుంది. కుక్కల కోసం డాక్టర్ రాసిన మందే, అదీ కిడ్నీ పరీక్ష చూశాకే వాడాలి. ఇక లేవలేని, తినలేని, మందులకు లొంగని నొప్పి వచ్చినప్పుడు శాంతిగా నిద్రపుచ్చడం దయే. ఆ నిర్ణయం పశువైద్యుడిది కావాలి. కెన్నెల్‌లో చోటు చాలకపోవడం దానికి కారణం కాకూడదు. ఆ సమయంలో హ్యాండ్లర్‌కు కబురు చేసి, సెలవిచ్చి పిలిపించాలి.

ఎవరూ తీసుకోలేని జాగిలాల కోసం మామునూరులో ఒక విశ్రాంతి కెన్నెల్ కట్టమని మా విన్నపం. అక్కడ పోలీసు శిక్షణ కేంద్రం ఉంది, బెటాలియన్ ఉంది, పశువైద్య కళాశాల ఉంది. డాక్టర్, చోటు, కాపలా మూడూ ఒకే ఊళ్లో దొరికే చోటు ఉత్తర తెలంగాణలో ఇంకోటి లేదు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు జాగిలాలకు కోరుట్ల పశువైద్య కళాశాల దగ్గర. ఆరు నుంచి ఎనిమిది గదులు చాలు. ఒక్కోటి పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ముందు తిరగడానికి అంతకు రెట్టింపు ఆరుబయలు. రేకుల కప్పు వేస్తే కింద సీలింగ్ తప్పనిసరి. నేల నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉంటే నీళ్లు నిలవవు, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా భయం తగ్గుతుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. కేరళ పోలీసులు త్రిస్సూర్ అకాడమీలో 2019లోనే రిటైరైన జాగిలాలకు విశ్రాంతి గృహం తెరిచారు. గుజరాత్‌లో ఆనంద్‌లో ఉంది. కేంద్ర హోంశాఖ కూడా 2019లో పోలీసు జాగిలాల కోసం ప్రత్యేకంగా కే9 విభాగం పెట్టింది. ఎలా చేయాలో అడగడానికి మనుషులున్నారు.

చివరగా, జాగిలాన్ని అప్పగించేటప్పుడు శాలువాతోపాటు ఒక కాగితం కూడా ఇవ్వాలి. టీకాల చీటీ, ఎక్స్‌రే, చివరి రక్తపరీక్ష, ఎప్పుడైనా కరిచి ఉంటే ఆ వివరం, తినకూడనివి, భయపడే శబ్దాలు అన్నీ అందులో రాయాలి. అన్నిటికన్నా పైన, దానికి నేర్పిన మాటల జాబితా ఉండాలి: ఏ మాటంటే కూర్చుంటుంది, ఏ మాటంటే వదిలేస్తుంది, ఏ మాటంటే ఉరుకుతుంది. ఆ ఉరికే మాటను ఇంట్లో పిల్లలు ఆటకైనా అనకూడదని కొత్త యజమాని చేత చదివించి సంతకం పెట్టించుకోవాలి.

ఇట్లు,
పోలీసు జాగిలాల వైద్యం, శిక్షణల్లో పనిచేసిన విశ్రాంత పశువైద్యులు, హ్యాండ్లర్లు,
హనుమకొండ